నేలకున్న పేర్లను రికార్డులోంచి తీసేయకండి: రీసర్వే అధికారులకు బహిరంగ లేఖ

భూముల రీసర్వే బాధ్యత చూస్తున్న సర్వే, రెవెన్యూ శాఖల అధికారులకు, నెల్లూరు, ప్రకాశం జిల్లాల గ్రామ సర్వేయర్లకు,

నమస్కారం.

మాది కావలికి పడమట మెట్ట ప్రాంతంలోని ఒక పల్లె. మా ఊరి రీసర్వే ముసాయిదా పటం చూసిన దగ్గర నుంచి మేము అడుగుతున్నది ఒక్కటే. పొలాలకు కొత్త నంబర్లు ఇస్తున్నప్పుడు కుంటలు, వాగులు, డొంకలు, మిట్టలు, మాన్యాల పేర్లు కూడా ఆ పటంలోనూ రిజిస్టరులోనూ రాయండి. అర్జీలు పెట్టుకున్నాం, రశీదులు తీసుకున్నాం. ఒక చోట ‘పేర్లు రాయడం సర్వే పని కాదు’ అన్నారు. మరో చోట ‘పైనుంచి ఆదేశాలు రాలేదు’ అన్నారు. రాతపూర్వకంగా ఒక్క ముక్క జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ ఈ లేఖ రాయవలసి వచ్చింది.

ఇది రీసర్వేను వద్దనే లేఖ కాదు. పాత కొలతల మీద గట్టు తగాదాలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి, అన్నదమ్ములు కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. కొత్త కొలత కావాలి. మండుటెండలో రోవర్ (ఉపగ్రహాల సాయంతో కొలిచే పరికరం) భుజాన వేసుకుని పొలాల వెంట తిరిగిన గ్రామ సర్వేయర్ల కష్టం కళ్లారా చూశాం. ఏ పార్టీనీ వేలెత్తి చూపడం కూడా నా ఉద్దేశం కాదు. 2020 డిసెంబరులో రీసర్వే మొదలైంది. 2024లో ప్రభుత్వం మారింది, భూమి హక్కుల చట్టం రద్దయింది, రీసర్వే మాత్రం కొత్త మార్గదర్శకాలతో సాగుతోంది. ఒకసారి పటం ఖరారైతే మళ్లీ ఎన్ని తరాలకు గీస్తారో తెలియదు. మా ఆందోళనంతా అక్కడే.

పాత రికార్డు ఎలా ఉండేదో ఒకసారి గుర్తు చేస్తాను. 19వ శతాబ్ది రెండో సగంలో మద్రాసు ప్రెసిడెన్సీ సర్వేయర్లు 66 అడుగుల గొలుసు లాగి మన పొలాలను కొలిచారు. గొలుసుకు 100 లింకులు. చదరపు గొలుసులు పది అయితే ఎకరం. ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) కాగితం, దాని మీద రాయి నుంచి రాయికి లింకుల్లో కొలతలు. ఊరంతటికీ మైలుకు 16 అంగుళాల చొప్పున గీసిన గ్రామ పటం. దానికి తోడు ఆర్‌ఎస్‌ఆర్ అనే పాత భూముల రిజిస్టరు. అందులో నేల మెట్టా మాగాణా, నేల తరం (నాణ్యత) ఏది, శిస్తు ఎంత, ఏ చెరువు కింద పారుతుంది అన్నవి వరసగా ఉంటాయి. చివర రిమార్కుల గడి ఉంటుంది. పోరంబోకు అయితే అది ఏ రకం పోరంబోకో ఆ గడిలో రాశారు: చెరువు, కుంట, వాగు, డొంక, శ్మశానం, మందబయలు. పన్ను వసూలు కోసమే వచ్చిన సర్వే అది. రైతు మీద ప్రేమతో చేసింది కాదు. అయినా చెరువు పేరు రాయకపోతే దాని కింది మాగాణికి లెక్క తేలదని వాళ్లకు తెలుసు. అందుకే పేరు అడిగారు, రాసుకున్నారు.

మా ఊరి ఎర్రకుంట సంగతి చెబుతాను. పాత పటంలో దాని కట్ట వంపు తిరిగి కనిపిస్తుంది, కట్టకు ఒక కొసన కలుజు (మిగులు నీరు పొర్లిపోయే చోటు), ఇంకో కొసన తూము గుర్తులు ఉంటాయి, పక్కనే పేరు ఉంటుంది. రిజిస్టరులో ‘కుంట పోరంబోకు’ అని ఉంది. కొత్త ముసాయిదాలో అదే చోటు ఒక ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు, ‘ప్రభుత్వ భూమి’ అన్న రెండు మాటలు. కట్ట లేదు, కలుజు లేదు, పేరు లేదు. విస్తీర్ణం మాత్రం సెంట్లతో సహా ఉంది. డ్రోన్ ఎగిరింది ఎండాకాలంలో. మా ప్రాంతానికి వానలు వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యన. కుంట నిండితే సంక్రాంతి దాటాక కూడా నీళ్లుంటాయి, ఉగాది నాటికి నేల నెర్రెలిస్తుంది, ఆపైన సర్కారు తుమ్మ కమ్ముకుంటుంది. పైనుంచి చూసిన కెమెరాకు అది ఖాళీ బీడు. అక్కడ నిలబడిన గొర్రెల కాపరిని అడిగి ఉంటే కలుజు నీళ్లు ఎటు పోతాయో, ఏ కయ్యలు ఆ తూము కింద పారతాయో చెప్పేవాడు.

నేల గుర్తుల పేర్లు రాసుకోవడం మనకు కొత్త కాదు. దానశాసనాలు చెక్కించిన రాజులు కూడా పొలానికి నాలుగు దిక్కులా ఉన్న కుంటనూ, వాగునూ, రాతిగుండునూ, చెట్టునూ పేరుపెట్టి చెప్పించారు. అంతకంటే తిరుగులేని హద్దు వాళ్లకు దొరకలేదు. రెండు వందల ఏళ్ల కిందట ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన, కావలి ఇంటిపేరు గల సోదరులు, వారి సహాయకులు ఊరూరా కరణాల దగ్గర కైఫీయతులు (ఊళ్ల చరిత్రలు) రాయించారు. చాలా కైఫీయతుల్లో ఊరి ఎల్లలు, చెరువులు, గుళ్లు, మాన్యాలు పేర్లతో సహా ఉన్నాయి. మెకంజీ పుట్టింది స్కాట్లండ్‌లో. 19వ శతాబ్దిలో అదే స్కాట్లండ్‌ను సర్వే చేసినవాళ్లు ప్రతి ప్రాంతానికీ ఒక పేర్ల పుస్తకం తయారుచేశారు. పటం మీద రాయబోయే పేరు, దాన్ని జనం ఎన్ని రకాలుగా రాస్తారో, ఆ రాత సరైనదని చెప్పిన స్థానికులు ఎవరో, ఆ చోటు ఎక్కడుందో, అది కొండా వాగా గుడిసె కూలిన దిబ్బా, అన్నీ విడివిడి గడుల్లో రాశారు. ఐర్లండ్‌లో 1830ల్లోనే అలాంటి పని జరిగింది. గుర్రాల మీద, కాలినడకన తిరిగినవాళ్లు చేయగలిగిన పనిని ఉపగ్రహాలతో కొలిచే మనం చేయలేమా?

పేర్లు పోతే ఏమవుతుందని మాకు ఎదురైన అధికారి ఒకరు నిజాయితీగానే అడిగారు. ఆయనకు జవాబుగా, మీ అందరికీ కలిపి చెబుతున్నాను.

1. దస్తావేజుకూ పటానికీ ఉన్న లంకె తెగిపోతుంది. మన ఇళ్లలో పెట్టెల్లో ఉన్న పాత క్రయ దస్తావేజులు, భాగపంపిణీ కాగితాలు తీసి చూడండి. చెక్‌బందీలో, అంటే హద్దుల వివరంలో, ‘తూర్పు ఎర్రకుంట కట్ట, దక్షిణం బండ్ల డొంక, పడమర పిల్లవాగు’ అనే ఉంటుంది. హద్దులకూ విస్తీర్ణానికీ పొంతన కుదరనప్పుడు న్యాయస్థానాలు సాధారణంగా హద్దుల వైపే మొగ్గుతాయి. రేపు కొత్త పటంలో ఎర్రకుంట అనే మాటే లేకపోతే ఆ రైతు తన హద్దును దేనికి ఆనించి చూపించాలి? 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే జరిగిన వెంకటగిరి జమీను గ్రామాల్లో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. అక్కడ మొదట పైమాషి (జమీందారీ కాలపు పాత కొలత) నంబరు, తర్వాత సర్వే నంబరు, ఇప్పుడు ఎల్‌పీఎం నంబరు. రెండు సార్లు నంబరు మారింది. మూడింటిలోనూ మారకుండా ఉన్నది పొలం పేరు ఒక్కటే. పైగా పలువురిని ఒకే నంబరు కింద చూపించిన జాయింట్ ఎల్‌పీఎంలు ఉన్నచోట, ఎవరి చెక్క ఎక్కడిదో తేల్చుకోవడానికి రైతుకు మిగిలే ఆధారం ఇదే. కోర్టు ఖర్చు పెట్టుకోగలిగినవాడు వకీలును పెట్టుకుంటాడు. రెండెకరాల మెట్ట ఉన్న ఒంటరి ఆడమనిషి ఏం చేస్తుంది?

2. పోరంబోకు అంతా ఒక్క మూసలో పడుతుంది. చెరువు గర్భాలను, పశువులు నిలిచే బయళ్లను, మేత బీళ్లను పట్టాలుగా ఇవ్వరాదని రెవెన్యూ శాఖ పాత నిబంధనలైన బోర్డు స్టాండింగ్ ఆర్డర్లలో 15వది చెబుతుంది. ఊరుమ్మడి నేలలను ఆక్రమణల నుంచి విడిపించే ఏర్పాటు చేయాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఈ రక్షణ అంతా అది కుంట అనో, డొంక అనో రికార్డు చెబితేనే పనికొస్తుంది. ‘ప్రభుత్వ భూమి’ అని మాత్రమే ఉంటే, ఇళ్ల స్థలాలకో పరిశ్రమకో నేల వెతికే రోజున ఆ నంబరే మొదట చేతికి తగులుతుంది. ఇచ్చే అధికారికి అది కుంట అని తెలియదు. ఇల్లు కట్టుకున్న పేదవాడికి నవంబరు వానకు తెలుస్తుంది.

3. పశువుల దారులు మూసుకుపోతాయి. నెల్లూరు గొర్రెకు, ఒంగోలు గిత్తకు దేశమంతా పేరుంది. ఆ గొర్రె ఊరి నుంచి బీడుకు, బీడు నుంచి నీళ్లకు నడిచేది డొంక మీదే. డొంక కొలతకు దొరకనంత సన్నగా మారిన చోట అది రెండు పక్కల చేలలో కలిసిపోతోంది. జామాయిలు, సుబాబుల్ తోటలకు కంచెలు వేశాక మందను తోలుకునే చోటు లేక కాపరులు తారురోడ్డు ఎక్కుతున్నారు, లారీల కింద జీవాలు పోతున్నాయి. ‘మందలు పోయే డొంక’ అని పటం మీద రాసి ఉంటే కాపరి పంచాయతీలో నిలబడి మాట్లాడగలడు.

4. వరద రోజున ఊరు దొరకదు. 2021 నవంబరులో సోమశిల నుంచి పెన్నాలోకి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలారు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. అలాంటి రాత్రి ఫోను చేసే మనిషి తన ఎల్‌పీఎం నంబరు చెప్పడు. ‘ఫలానా మిట్ట మీద చిక్కుకున్నాం, వాగు అటువైపు’ అంటాడు. సహాయానికి వచ్చేవాడు పక్క జిల్లా నుంచి వస్తాడు, అతని చేతిలోని పటంలో ఆ మిట్ట ఉండదు. వాగు దారి మార్చుకున్నచోట, మడుగు పూడ్చినచోట పాత పేరు ఇంకా నిలిచి ఉంటుంది. నీళ్లు తమ పాత దారికే వస్తాయని ఆ పేరు చెబుతుంది. లేఅవుటుకు అనుమతి ఇచ్చేవాళ్లకు ఇంతకంటే చౌకగా దొరికే హెచ్చరిక ఏముంది?

5. యానాదుల గూడేలు రికార్డులోకి రానే రావు. ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. నెల్లూరు జిల్లాలో చెరువు కట్టల వెంట, కాలవల వెంట, తీరం పొడుగునా వాళ్ల గుడిసెలున్నాయి. ఏ మడుగులో ఏ కాలంలో చేప ఉంటుందో, ఏ దిబ్బలో ఎలుక బొరియలుంటాయో, ఏ ఉప్పుటేరు ఎప్పుడు పొంగుతుందో ఈ జిల్లాలో వాళ్లకంటే ఎరిగినవాళ్లు లేరు. వాళ్లు పిలుచుకునే పేరు ఒకటి, ఊరివాళ్లు పిలిచే పేరు ఇంకొకటి, కాగితంలో ‘గిరిజన కాలనీ’. ఒకే మండలంలో అలాంటి కాలనీలు ఎన్నో ఉంటే రేషను కార్డుకు, ఆధారుకు, ఇంటి పట్టాకు ఏ కాలనీ అని రాయాలి? ఒక చిరునామా మీద మంజూరైనది ఇంకో చోటికి పోతుంది. చెరువు నిండగానే ‘ఆక్రమణ’ అని వాళ్లను లేపేటప్పుడు, ఆ దిబ్బ మీద తరాలుగా ఉన్నామని చూపించే కాగితం ముక్క వాళ్ల దగ్గర ఉండదు.

6. తీరంలో దొరువులు ఉన్నాయి. ఇసుకలో తవ్విన ఆ గుంటల్లో ఊరే మంచినీళ్లే మత్స్యకార పాళేలకు ఆధారంగా ఉండేవి. రొయ్యల గుంటలు వచ్చాక ఎన్నో దొరువులు ఉప్పుబారాయి, కొన్నిటిని పూడ్చేశారు. పేరైనా రాసి ఉంచితే ఏ దొరువు ఎక్కడుండేదో, ఎవరు పూడ్చారో అడగడానికి వీలుంటుంది.

7. నేలే మాయమవుతున్న చోట్లు వేరే ఉన్నాయి. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ కోసం తవ్విన గోతుల్లో పాత మిట్టల ఆనవాళ్లు లేవు. వెలిగొండ ప్రాజెక్టు ముంపులో కలనూతల, గుండంచర్ల, సుంకేసుల వంటి ఊళ్లు పోతున్నాయి. ఊరి పేరు గెజెటులోనైనా ఉంటుంది. ఆ ఊరి చేల పేర్లు, కోనల పేర్లు ఎక్కడుంటాయి? పునరావాస కాలనీలో పుట్టే పిల్లవాడికి తన తాత పొలం ఎక్కడని చెప్పాలి?

ఇదంతా ఇప్పుడే ఎందుకు అంటారేమో. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. అందులో మేలూ ఉంది. కరణం చేతిలో నలిగిన కుటుంబాలను నేనెరుగుదును. కానీ పొలం పేరు చెబితే సర్వే నంబరు చెప్పగలిగిన మనుషులు ఆ తరంతో పోయారు. ప్రకాశం జిల్లా 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో ఏర్పడింది. 2022లో కందుకూరు ప్రాంతం మళ్లీ నెల్లూరులోకి వచ్చింది. గీతలు మారినప్పుడల్లా పాత రిజిస్టర్లు ఒక రికార్డు గది నుంచి ఇంకో గదికి మారాయి. మిగిలినవాటి అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. ఇక పేర్లు ఎరిగినవాళ్లు ఎవరంటే చెరువు కింద నీళ్లు పారించిన నీరుగంట్లు, తలారులు, కాపరులు, నాట్లకూ కలుపులకూ ఊరంతా తిరిగిన ఆడకూలీలు. వాళ్లలో చాలామంది డెబ్బై దాటినవాళ్లు.

1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం కిందే ఈ పని జరుగుతోంది. హద్దు తేల్చినట్టు 9(2) నోటీసు వస్తుంది, అప్పీలుకు మూడు నెలలు గడువు, ఆపైన సర్వే పూర్తయిందని చెప్పే 13వ సెక్షను ప్రకటన. ఆ ప్రకటన వెలువడితే రైతుకు మిగిలేది మూడేళ్లలోగా సివిల్ కోర్టుకు పోవడమే. అంటే సరిదిద్దుకునే వేళ చాలా చిన్నది. కాబట్టి మేము కోరుతున్నవి ఇవి.

1. 13వ సెక్షను ప్రకటనకు ముందే ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఒక పేర్ల పుస్తకం తయారుచేయాలి. చోటు పేరు జనం పలికినట్టే తెలుగులో రాయాలి. వేరే పేర్లు ఉంటే అవీ రాయాలి. అది కుంటా, వాగా, డొంకా, మిట్టా, దొరువా, శ్మశానమా, పాత పైమాషి నంబరు, సర్వే నంబరు, కొత్త ఎల్‌పీఎం నంబరు ఏవి, వానాకాలంలో ఎలా ఉంటుంది, ఎండాకాలంలో ఎలా ఉంటుంది, ఈ పేరు చెప్పిన ముగ్గురు ఎవరు అన్నవి ఉండాలి. మూడు వందల పేర్లున్న ఊరికి కూడా ఇద్దరు మనుషులు కొద్ది రోజుల్లో పూర్తిచేయగలిగిన పని ఇది.

2. పేర్లను మొదట ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి ఆనక కంప్యూటరు చేత తెలుగు చేయించే పద్ధతి మానాలి. ఆ దారిలో ల, ళ ఒకటైపోతాయి, ద, డ ఒకటైపోతాయి, పట్టాదారు తన ఊరి పేరునే గుర్తుపట్టలేకపోతున్నాడు.

3. పోరంబోకు రకాన్ని కొత్త రిజిస్టరులో విడిగా చూపాలి. ఆర్‌ఎస్‌ఆర్ రిమార్కుల గడిలో ఉన్న ఒక్క మాట కూడా జారిపోకూడదు. కుంటల విషయంలో కట్ట, తూము, కలుజు, నీరు వచ్చే వంక పటం మీద గీయాలి.

4. గ్రామసభలో పటాన్ని గోడకు అంటించి సంతకాలు తీసుకుంటే సరిపోదు. ఊరి ఎల్లల వెంట నడవాలి. ఆ నడకలో కాపరులు, నీరుగంట్లు, యానాదులు, దళితవాడ పెద్దలు, ఆడవాళ్లు ఉండాలి. శ్మశానానికి పోయే దారి ఏదని దళితవాడను అడగకుండా ఊళ్లో పెద్దరైతును అడిగితే వచ్చే జవాబు వేరు.

5. గూడేలకు, మజరాలకు అక్కడ ఉండేవాళ్లు ఒప్పుకున్న పేరే పటం మీద ఉండాలి. కులాన్ని పట్టి అవమానించే పాత పేర్లు కొన్ని ఉన్నాయి. వాటిని పటం మీద వేయమని మేము అడగడం లేదు. పాత దస్తావేజుతో సరిచూసుకోవడానికి పుస్తకంలో ‘పూర్వపు పేరు’ అన్న గడిలో మాత్రం ఉంచండి. ఈ మాట చివరకు తేల్చవలసింది ఆ వాడవాళ్లే.

6. పాత గ్రామ పటాలు, ఎఫ్‌ఎంబీలు, ఆర్‌ఎస్‌ఆర్, ఇనాం రిజిస్టర్లను స్కాన్ చేసి ఎవరైనా ఉచితంగా చూసుకునేలా పెట్టాలి. కొత్త రికార్డు వచ్చింది కదా అని పాతదాన్ని మూలన పడేయకూడదు. పాత నంబరుకు కొత్త నంబరు ఏదో చూపే పట్టికను అచ్చు వేయించి పంచాయతీ కార్యాలయంలో శాశ్వతంగా ఉంచాలి.

7. ఇప్పటికే 13వ సెక్షను ప్రకటన వెలువడిన గ్రామాలకు కూడా ఇదే పుస్తకాన్ని అనుబంధంగా చేర్చాలి. కొలతలు తిరగతోడమని మేము అనడం లేదు.

వీటికి పెద్ద బడ్జెటు అక్కర్లేదు. గ్రామ సర్వేయరు ఉన్నారు, వీఆర్‌వో ఉన్నారు, సచివాలయంలో కంప్యూటరు ఉంది. ఊరి బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు అప్పగిస్తే ముసలివాళ్ల దగ్గర కూర్చుని పేర్లు రాసుకొస్తారు. కావలసింది ఒక సర్క్యులరు.

మా ఊరికి సంబంధించిన పేర్లు మేమే పోగుచేసి, పాత సర్వే నంబర్ల వారీగా రాసి, చెప్పినవాళ్ల వేలిముద్రలు, సంతకాలతో సిద్ధంగా ఉంచాం. పక్క గ్రామాల రైతులు కూడా ఇదే పని మొదలుపెట్టారు. వచ్చే గ్రామసభలో వాటిని మీకు అందజేస్తాం. వాటిని రికార్డులో చేర్చుకుంటున్నారో లేదో, చేర్చుకోకపోతే ఏ నిబంధన అడ్డువస్తోందో సెక్షనుతో సహా రాతపూర్వకంగా తెలియజేయండి. ఆ జవాబు వచ్చేదాకా మా గ్రామానికి 13వ సెక్షను ప్రకటన ఇవ్వవద్దని కోరుతున్నాం.

ఇట్లు,
కావలి మెట్ట ప్రాంతపు రైతు